అల్లుడి ఆఫీసుకు చెత్తా?

అత్తయ్యగారికి నమస్కారాలు.

మా ల్యాబుకు గింజలు వలిచేసిన మొక్కజొన్న బెండ్లు కావాలంటే, "అల్లుడి ఆఫీసుకు చెత్త పంపుతామా?" అని మీరు లారీ నిండా మంచి పొత్తులు పంపారు! చమురు బావి వాళ్లు మా ద్రావకానికి పెట్టిన పరీక్ష ముంచుకొస్తుంటే, అందరం నేలమీద చతికిలబడి వేళ్లు బొబ్బలెక్కేలా వలిచాం. చివరికి బెండ్ల నుంచి తీసిన ఆ ద్రావకం పోయగానే, ఇసుకకు జిడ్డులా అంటుకున్న ముడిచమురు చెప్పినమాట విన్నట్టు పైకి తేలింది. ఆర్డరు మాకే!

నవ్వడమే ఎరగని మా మేనేజరుగారు ఒక పొత్తు ఇంటికి పట్టుకెళ్లారు. మర్నాడు బెండును రుమాల్లో చుట్టి తెచ్చి, "ముడిసరుకు కదా, పారేయబుద్ధి కాలేదు" అన్నారు.

ఈసారి మర్యాదలు మాని అచ్చంగా చెత్తే పంపండి. అడుగున మాత్రం నాలుగు పొత్తులు వేయండి. మేనేజరుగారు అడగమనలేదు. కానీ లారీ ఎప్పుడొస్తుందని రోజూ అడుగుతున్నారు.

మీ అల్లుడు