బావ మోకాలు

తమ్ముడా రాజయ్యా,

నీ పేరు ముందు చిరంజీవి అని రాయబోయి ఆగిపోయాను. చదవవని తెలుసు. అయినా ఈ సంగతి నీకే చెప్పాలి.

మన అక్క మొగుడు నర్సింగం బావ నిన్న కొట్లో గొంతుకూర్చుని లేవబోయాడు. మోకాలు పట్టేసింది, మళ్లీ చాపుకోలేకపోయాడు. దవాఖానాకు చేరేదాకా సికింద్రాబాదంతా వినేలా అరిచాడు. ఎంత మొనగాడో!

డాక్టరు నెమ్మదిగా చెప్పాడు. మోకాట్లో ఎముకల మధ్య నెలవంకల్లాంటి రెండు మెత్తలు ఉంటాయట. వాటి కొసలనూ అంచులనూ సన్నటి కట్లు ఎముకకు పట్టి ఉంచుతాయట. ఆ కట్టు తెగితే మెత్త జారి నడుమ ఇరుక్కుంటుంది, ఇక కాలు చాపడానికి రాదు.

పోలీసు చర్య నాడు సైన్యం వస్తోందన్న భయంతో గల్లీ జనమంతా మూటలతో ఊరవతల యాప్రాల్ వైపు పరుగెత్తుతుంటే, మూట ఎత్తబోయిన నీ కాలు ఇట్లాగే మడతపడింది. "మోకాలు గాదు, వీనికి గుండె జారింది" అని ఇదే బావ అందరి ముందు నవ్వాడు. నువ్వు కన్నుమూసేదాకా గల్లీ నిన్ను పిరికోడనే పిలిచింది.

నిన్న అతణ్ని ఎవరూ ఏమీ అనలేదు. అయినా, "డాక్టర్ సాబ్, నేను నాటకాలాడుతలేను, నమ్ముండ్రి" అని ఏడ్చాడు.

నేను ఒక్క మాట అడిగాను.

"మా రాజయ్యకు గప్పుడు ఏం జారింది బావా?"

గోడ వైపు తిరిగాడు. అటే చూస్తూ, "మల్లయ్యా, జెర గేటు దాకా వీపు మీద ఎత్తుకపో" అన్నాడు.

ఆనాడు నిన్ను మోసిన వీపు ఇది. రిక్షావాణ్ని పిలిచాను.

నీ అన్న
మల్లయ్య