దండ వేసిన ఫోటో

అక్కా, ఖాజాగూడలో నా కొత్త పని బాగుంది, ఫికరు పెట్టుకోకు. మా సారు ఏళ్ల తరబడి కూడబెట్టిన పాత ఫోటోలన్నీ జనం చూడటానికి ఒక హాల్లో పెట్టారు. వాటిని తుడిచేది నేనే. ఈ కార్డు తిప్పి చూడు, మా హాల్లోని ఫోటోనే అచ్చేశారు, రాళ్లు కొడుతున్న పిల్ల ఉంటుంది. అంత పాత ఫోటో కదా, ఆ పిల్ల ఎప్పుడో చనిపోయి ఉంటుందనుకుని శుక్రవారం అద్దం మీద బొట్టు పెట్టి బంతిపూల దండ వేశాను. మధ్యాహ్నం ఒక ముసలమ్మ వచ్చి దాని ముందు నిలబడి, "గది నేనే బిడ్డా, ఇంక సావలే!" అంది. సిగ్గుతో తల ఎత్తలేకపోయాను. ఆమె మాత్రం పకపకా నవ్వి, ఆ దండలోంచే ఒక పువ్వు తెంపి కొప్పులో పెట్టుకుంది.

బావ మోకాలినొప్పి తగ్గిందా? చింతకాయ పచ్చడి పంపు. పిల్లలకు నా ముద్దులు. అన్నట్టు, నీ ఫోటో ఒక్కటీ నా దగ్గర లేదు. మంచి చీర కట్టుకుని దిగి పంపు. దండ వెయ్యనులే.

నీ చెల్లెలు
భూలక్ష్మి