సున్నా కాదు, వద్దు

హిందూపురం,
జూన్, 1999.

నాయనకు ఆస్మా సలాములు.

నేను రాసింది మన ఇంట్లో ఎవరూ చదవరు. మీకు కావలసింది చదువుకుంటారు. 'ఆటోలిస్పు నేర్చుకుంటున్నాను' అని రాస్తే, లిస్పు అనేవాడి ఆటోలో తిరుగుతున్నానని నజీరన్నను ధర్మవరం నుంచి తోలారు. అన్న ఇక్కడి ఆటోస్టాండులో నిలబడి "మీలో లిస్పు ఎవడప్పా?" అని ఒక్కొక్కరి కాలరూ పట్టుకున్నాడు.

ఆటోలిస్పు మనిషి కాదు నాయనా. మా ఆఫీసులో ఇండ్ల ప్లాన్లు గీసే కంప్యూటరుకు పని చెప్పే భాష. ప్లానులో రాసిన అంకె దానికి అంకె కాదు, ఉత్త అక్షరాలు. అంకెగా మారిస్తేనే లెక్క కడుతుంది. ఆఫీసులో అంకెలు కొట్టే సంజీవప్ప పాత టైపుమిషన్ మీద టైపు నేర్చినవాడు. ఆ మిషన్లో ఒకటికి మీట ఉండేది కాదట, ఇంగ్లీషు చిన్న 'ఎల్' కొట్టేవాళ్ళు. కంటికి రెండూ ఒకేలా ఉంటాయి. పెనుకొండలో ఒక ఇంటి సజ్జకు పన్నెండు ఇనుప కడ్డీలని కొట్టాడు, ఒకటికి బదులు ఆ 'ఎల్'తోనే. మా ఇంజినీరు రాసిన ప్రోగ్రాం దాన్ని సున్నా చేసేసింది. సజ్జకు కడ్డీలు సున్నా అని కాగితం పోయింది. ఇదేమిటని ఎవరూ అడగలేదు. కాంట్రాక్టరు ఇనుము మిగిలిందని సంతోషపడ్డాడు. ఆనించిన చెక్కలు తీయగానే సజ్జ కూలింది. కింద కూలిమనిషి ఉలిగప్ప ఉన్నాడు. చనిపోయాడు.

ఏది నిజంగా అంకె, ఏది కాదో పరీక్షించే ప్రోగ్రాం ఇప్పుడు నేను రాస్తున్నాను.

మీ ఆస్మా

తా.క. ఇలియాసు సంబంధం గురించి అడిగారు. ఆలోచించి చెబుతాను.

*

ధర్మవరం.

చి. ఆస్మాకు నాయన మొహిద్దీన్ దువా.

ఆ లిస్పు మనిషి కాదని తెలిసినాక మీ అమ్మ రెండు ముద్దలు తినింది. ఉలిగప్ప సంగతి చదివితే అవ్వ ఏడ్చింది. అంతలోనే కండ్లు తుడుచుకొని, "ఆలోచిస్తా అనిందంటే ఒప్పుకున్నట్లే కదరా. ఆడపిల్ల అంతకన్నా ఏం రాస్తాది?" అనింది. ఇలియాసు వాళ్ళకు మాట ఇచ్చేసినాము.

ఉంటా,
నాయన

తా.క. పిల్లకు ఆటో అంటే పానమని నజీరు యాడనో అన్నాడంట. వాళ్ళు పాపం, పిల్లోనికి ఆటో కొంటాండారు.

*

హిందూపురం.

నాయనకు ఆస్మా సలాములు.

అక్షరాలను అంకెగా మార్చడానికి ఆటోలిస్పులో రెండు మాటలున్నాయి. 'ఎటాయ్' అనేది తనకు అర్థం కాకపోతే సున్నా అనేసి ముందుకు పోతుంది. 'డిస్టాఫ్' అనేది అర్థం కాకపోతే 'నిల్' అంటుంది. అంటే, ఇది అంకె కాదు, పోయి అడిగి రండి అని. ఉలిగప్ప మీద సజ్జ కూల్చింది మొదటిది. మన ఇంట్లో అందరూ మొదటిదే.

ఇంజినీరు పోలీసులకు 'కంప్యూటరు తప్పు' అని రాసిచ్చాడు. నన్నూ అదే చెప్పమంటున్నాడు. ఉలిగప్ప భార్య ఉలిగమ్మ ఆఫీసుకు వచ్చి, "కంప్యూటరును యాడ పట్టుకొని అడగల్లమ్మా?" అంది.

ఇక ఇలియాసు విషయం. ఆలోచించాను. వద్దు.

మీ ఆస్మా

తా.క. 'వద్దు'కు ఇంకో అర్థం లేదు. అవ్వను వెతకొద్దనండి.

*

ధర్మవరం.

చి. ఆస్మాకు నాయన దువా.

నువ్వు వద్దన్నావని వాళ్ళకు చెప్పినాము. మంచోళ్ళు, ఏమీ అనుకోలేదు. ఆటో వద్దంటే జీపు తీసుకుంటారంట. శుక్రవారం నిశ్చయం పెట్టుకున్నాము. పోలీసోళ్ళ జోలికి పోవద్దు. ఇంజినీరు చెప్పమన్నట్లు చెప్పేసి వచ్చేయ్. చచ్చినోడు మళ్ళా వస్తాడా? గురువారం నజీరు నిన్ను పిల్చుకొచ్చేకి వస్తాండాడు.

నాయన

తా.క. ఈ డిస్టాఫ్ ఎవురు? యా ఊరోడు?

*

హిందూపురం.

నాయనకు,

ఇలియాసుకు నేనే ఉత్తరం రాశాను. జవాబొచ్చింది. అతనూ వద్దనే చెప్పాడట. పిల్లోడు సిగ్గుపడుతున్నాడని వాళ్ళ ఇంట్లో చదువుకున్నారట. అతనికి ఆటో తోలడం రాదు. జీపూ రాదు.

నజీరన్నను పంపొద్దు. ఆటోస్టాండులో వాళ్ళు ఆయన కోసమే చూస్తున్నారు.

శుక్రవారం పెనుకొండలో విచారణ. సంజీవప్ప కొట్టిందీ, ఇంజినీరు ప్రోగ్రాం దాన్ని సున్నా చేసిందీ, ఎవరూ అడగనిదీ, అన్నీ చెబుతాను. ఉలిగమ్మ పక్కన కూర్చుంటుంది. ఆ తర్వాత నాకు ఈ ఉద్యోగం ఉండదు.

ఆస్మా

తా.క. నిశ్చయానికి రాను. ఈ పెండ్లి చేసుకోను.