తీపి తగలకూడని రోజు

మార్చి 3
మా ఆయన మళ్ళీ కళ్ళు తిరిగి పడిపోయాడు. ఈసారి డిపోలో, డ్యూటీ అయి డ్రైవర్ సీటు దిగాక. బస్సు నడుపుతుండగా పడుంటే? బస్సు నిండా జనం. మొదటి డాక్టర్ గ్యాస్ అన్నాడు. రెండో ఆయన టెన్షన్ అన్నాడు. మూడో ఆయన యాంజియో చేసి, బ్లాకులేం లేవు, కంగ్రాట్స్ అన్నాడు. తలా ఓ మాట. మనిషి మాత్రం మెట్లెక్కలేడు.

మార్చి 9
కొత్త డాక్టరమ్మ ఎక్కువ మాట్లాడదు. నాకు నచ్చింది. గుండె కండరంలోనే వాపు ఉందని అనుమానమట. అది రకరకాల జబ్బుల వేషం వేస్తుందట. గుండెలోంచి చిన్న ముక్క తీసి టెస్ట్ చేస్తే ఏమీ లేదని వచ్చింది. వాపు అక్కడక్కడే ఉంటుందట, ముక్క బాగున్న చోట తీసి ఉంటారట. మా ఖర్మకి అదీ ఒక అదృష్టమే. ఇప్పుడు పెట్ స్కాన్‌లో చోటు చూసుకుని అక్కడే తీయాలి. ముందు రోజు గుడ్లు, మాంసం, వెన్న తప్ప ఏమీ తినకూడదు. తర్వాత స్కాన్ దాకా పస్తు. తీపి తగిలితే స్కాన్‌లో గుండె మొత్తం వెలుగుతుంది, వాపేదో తెలియదు.

మార్చి 16
గుండె మొత్తం వెలిగింది.

అదే రోజు, సాయంత్రం
అత్తయ్య. పొద్దున నేను స్నానానికి వెళ్ళగానే పాలల్లో బిస్కెట్లు ముంచి పెట్టిందట. పస్తుతో పంపితే దారిలోనే పడిపోతాడని భయమేసిందట. ఈయనేమో, అమ్మ ఏడుస్తుందని తిన్నాడట. యాభై ఏళ్ళ మనిషి. ఎవర్ని తిట్టను? స్కాన్‌కి మళ్ళీ రెండు వారాలు ఆగాలి. ఈలోగా గుండె ఆగదు కదా అని అడిగితే డాక్టరమ్మ కొత్త తేదీ చీటీ మీద రాసిచ్చింది. అత్తయ్యతో మాట మానేశాను.

మార్చి 22
ఆయన కన్ను మూతపడితే చాలు, ముక్కు దగ్గర వేలు పెట్టి చూస్తున్నాను. ఇవాళ వేలు కొరికాడు. నవ్వొచ్చింది. వెంటనే విసుగొచ్చింది.

మార్చి 31
నిన్న గుడ్లూ మాంసం పెట్టేశాక వంటింటికి తాళం. అత్తయ్య కొడుకుతోపాటు తనూ పస్తు ఉంది. స్కాన్‌లో ఒక్క మూలే వెలిగింది. అదే కావాలట.

ఏప్రిల్ 6
ఆ మూలే ముక్క తీశారు. సార్కాయిడోసిస్, డాక్టరమ్మ అనుమానించిన ఆ వాపు జబ్బే. నోరు తిరగడానికి నాకు రోజంతా పట్టింది. స్టెరాయిడ్స్ మొదలుపెట్టారు. గుండె లయ తప్పి ఆగబోతే షాక్ కొట్టడానికి భుజం కింద ఓ మెషిన్ పెట్టారు. ఇంక బస్సు నడపకూడదన్నారు. ఆయన గోడవైపు తిరిగి పడుకున్నాడు. నేను ఓదార్చలేదు. ఓపిక లేదు.

ఏప్రిల్ 20
ముఖం కడుక్కుంటూ ఆయన ఒక్కసారిగా ఎగిరిపడ్డాడు. భుజం కింది మెషిన్ షాక్ కొట్టింది. గాడిద తన్నినట్టుందని దాన్నీ, డాక్టరమ్మనీ, నన్నూ కలిపి నోటికొచ్చినట్టు తిట్టాడు. అత్తయ్యా నేనూ ఒకరినొకరు పట్టుకుని ఆ తిట్లు చివరిదాకా విన్నాం.