అరువు ముక్కు

మార్చి 4, మంగళవారం

మహామంత్రి ఇవాళ నా టేబుల్ మీదకు వచ్చాడు. నలుగురు మోసుకొచ్చారు. మ్యూజియంలో పాత పెయింటింగులు బాగుచేసే ఉద్యోగంలో చేరాక ఇంత పెద్దమనిషి మొహం నా చేతికి రావడం ఇదే మొదటిసారి. ఊరికి మంచినీళ్ళు తెచ్చిన మనిషి. వార్నిష్ ముదిరిపోయి మొహమంతా డికాషన్ రంగుకు తిరిగింది.

ఇంట్లో చెప్పగానే మామగారు అన్నం ముందు నుంచి లేచి నిలబడ్డారు. మా తాతగారిని జాగ్రత్తగా చూసుకో అమ్మా అన్నారు. లెక్క ప్రకారం ముత్తాతకు ముత్తాత అనాలి. మధ్యలో వాళ్ళ మీద ఆయనకు అంత పట్టింపు లేదు.

మార్చి 5

హాల్లో గోడ మీద మామగారి వంశవృక్షం చార్టు ఉంది. కింది నుంచి పైకి కొన్ని తరాలు, పై నుంచి కిందికి కొన్ని తరాలు, మధ్యలో రెండు గళ్ళు ఖాళీ. ఆ ఖాళీని పూడ్చేది ముక్కు.

మామగారు నలభై ఏళ్ళు కళ్ళజోళ్ళ షాపు నడిపారు. ఊరందరి ముక్కుల మీదా కళ్ళజోళ్ళు నిలబెట్టిన మనిషి. మధ్యలో గూను, కొస కిందికి వంపు, కాస్త ఎడమకు వాలు. ఆయన ముక్కు, బొమ్మలో మంత్రి ముక్కు అచ్చు గుద్దినట్టు ఒకటే. మంత్రి వంశీకుల సంఘం వాళ్ళు ఆధారాలు అడిగితే, స్వయంగా ఆఫీసుకు వెళ్ళి ముక్కు చూపించి వచ్చారు. వాళ్ళు కూడా ఏం మనుషులో, తాత్కాలిక సభ్యత్వం ఇచ్చేశారు.

మావారికి ఆ ముక్కు రాలేదు. ఒక తరం దాటేసి తిన్నగా మా చిట్టికి వచ్చింది. దానికి పదకొండేళ్ళు. పోయినేడు క్లాసులో దాన్ని చిలక అని పిలిచేవాళ్ళు. ముక్కుకి బట్టల క్లిప్పు పెట్టుకుని పడుకునేది. అందం మనసులో ఉంటుంది లాంటి చెత్త కబుర్లన్నీ చెప్పాను. మామగారు ఏమీ చెప్పలేదు. దాన్ని బస్సెక్కించి మ్యూజియానికి తీసుకెళ్ళి ఈ బొమ్మ ముందు నిలబెట్టారు. తిరిగొచ్చి అది క్లిప్పుని దండెం మీద పెట్టేసింది. ఇప్పుడు ఎవరైనా చిలక అంటే, మంత్రి మనవరాలినని చెప్తుందట.

ఆ రోజు నుంచి ఆయన ఎన్ని కోతలు కోసినా నాకు కోపం రాదు.

మార్చి 11

మంత్రి బుగ్గలు ఉమ్మితో తుడిచాను. పుల్లకు దూది చుట్టి, నోట్లో తడిపి, మెల్లగా దొర్లించాలి. పాత దుమ్ముకి ఉమ్మిని మించిన మందు లేదు. ఇంట్లో చెప్పలేదు.

మార్చి 13, మధ్యాహ్నం

అల్ట్రావయొలెట్ లైటు వేసి చూశాను. పాత రంగు ఒకలా మెరుస్తుంది, తర్వాత ఎవరైనా వేసిన రంగు నల్లగా కనిపిస్తుంది.

ముక్కు మొత్తం నల్లగా ఉంది.

మార్చి 14

ఎక్స్‌రే కూడా వచ్చింది. ఎప్పుడో కాన్వాసు కంటి కింద నుంచి పెదవి దాకా చిరిగింది. వెనక అతుకు వేసి, ముందు కొత్త ముక్కు గీశారు. అడుగున అసలు ముక్కు చాలావరకు భద్రంగానే ఉంది. చిన్నది. చప్పిడిది.

మా డైరెక్టరు మేడం నిదానంగా మాట్లాడే మనిషి. పాత రిపేరుకీ చరిత్ర ఉంటుంది, ఉంచినా తప్పు లేదు, తీసినా తప్పు లేదు, నీ రిపోర్టు ఎలా ఉంటే అలా చేద్దాం అంది. కొండంత బరువు ఎంత సులువుగా నెత్తిన పెట్టిందో.

మావారికి చెప్పాను. ఎవరికి తెలుస్తుంది, ఉంచెయ్ అన్నాడు. ముక్కూ మొహం తెలియని మంత్రి కోసం నాన్నని ఏడిపిస్తావా అని కూడా అన్నాడు. తను ఏమన్నాడో తనకు తెలియలేదు. నాకు నవ్వొచ్చి, తర్వాత ఏడుపొచ్చింది.

మార్చి 15

మావారి మాట నాకు నచ్చింది. అదే భయంగా ఉంది.

మార్చి 17

రిపోర్టు మొదలుపెట్టాను. ఉంచాలి అనడానికి కారణాలు చకచకా వచ్చేశాయి. అన్నీ మంచి కారణాలే. ఒక్కటీ నాది కాదు. నా కారణం డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చుని, వచ్చే నెల ఈ బొమ్మకు తెర తీసే ఫంక్షన్‌కు ఏ కోటు వేసుకోవాలా అని ఆలోచిస్తోంది.

కానీ చిట్టి ఆ ముక్కు మీదే నిలబడి ఉంది. రేపు అది పెద్దదయ్యాక నాలాంటిదే ఇంకొకత్తె ఇదే లైటు వేసి చూస్తుంది. అమ్మకు ముందే తెలుసన్న సంగతి అప్పుడు చిట్టికి తెలుస్తుంది. అది నేను భరించలేను. మామగారికి నేనే చెప్పాలి. చాటుగా ఆయన ముక్కు కొయ్యలేను.

మార్చి 18

మామగారిని వర్క్‌రూమ్‌కి తీసుకెళ్ళాను. తన భూతద్దం తనే తెచ్చుకున్నారు. ఎక్స్‌రేలో చిన్న ముక్కుని చాలాసేపు చూశారు. దీని మీద కళ్ళజోడు నిలవదు అన్నారు. తర్వాత బొమ్మలో పైనున్న ముక్కుని చూపించి అడిగారు.

“మరి ఇది ఎవరిదమ్మా?”

తెలియదన్నాను. ఆ రోజుల్లో రిపేరు చేసేవాళ్ళు ఎదురుగా నమూనా లేకపోతే అద్దంలో తమ మొహమే చూసుకుని గీసిన సందర్భాలున్నాయి, కానీ ఇది నా ఊహ మాత్రమే అని కూడా చెప్పాను. ఆయన తల ఊపారు. నమ్మినట్టు కాదు, నన్ను ఇబ్బంది పెట్టకూడదన్నట్టు.

బస్సులో ఎప్పటిలాగే నా టికెట్టూ ఆయనే తీశారు. ఇంటి గుమ్మం దగ్గర, మంత్రిగారి ముక్కు ఆయనకిచ్చెయ్ అన్నారు. చిట్టికి మాత్రం తనే చెప్తానన్నారు.

మార్చి 19

చెప్పలేదు.

మార్చి 20

ఇవాళా చెప్పలేదు. గోడ మీద చార్టు మాత్రం తీసేశారు. బూజు దులపడానికట. మా ఇంట్లో బూజు దులిపేది ఎవరో అందరికీ తెలుసు.

మార్చి 21

సాయంత్రం చెప్పారు. కాన్వాసు, అతుకు, రంగు అంటూ మొదలుపెట్టి సగంలో అవన్నీ వదిలేశారు. నీకు అబద్ధం చెప్పానే తల్లీ అన్నారు. నేను బట్టలు మడత పెడుతున్నాను. ఒకే తువ్వాలుని మళ్ళీ మళ్ళీ మడిచాను.

చిట్టి మోకాళ్ళ మీద గడ్డం పెట్టుకుని అంతా వింది. ఆ రిపేరు చేసినాయన నిజంగా అద్దం చూసుకున్నాడా అని నన్నడిగింది. అయ్యుండొచ్చు అన్నాను. అది తాతయ్య పక్కకు జరిగి కూర్చుంది.

“అయితే తాతయ్యా, ఆ రిపేరాయనే మనవాడు. మనం మంత్రిగారి ముక్కు పెట్టుకుని తిరగట్లేదు. ఇన్నాళ్ళూ ఆయనే మన ముక్కు పెట్టుకుని తిరిగాడు.”

దీనికి ఆధారం లేదే, అది నా ఊహేనే అని చెప్పబోయాను. ఆధారం లేకుండా వాక్యం రాయని దాన్ని. మామగారి మొహం చూసి నోరు మూసుకున్నాను. పోయినేడు ఆయన దానికి ఇచ్చినదాన్ని అది ఇవాళ ఆయనకు తిరిగిచ్చింది. మధ్యలో నేనెవరిని?

ఆయన ముందు నవ్వారు, తర్వాత కళ్ళు తుడుచుకున్నారు.

మార్చి 31

ముక్కు తీయడం పూర్తయింది. మైక్రోస్కోపు కింద, సన్నటి కత్తితో, రవ్వ రవ్వగా. ఆ రవ్వలు ఇమ్మని మామగారు అడిగారు. మ్యూజియం ఆస్తి, ఇవ్వకూడదన్నాను. కోడలివై ఉండి నాకూ రూల్సేనా అని అలిగి, అరగంటకే టీ అడిగారు.

చప్పిడి ముక్కుతో మంత్రి మంచివాడిలా కనిపిస్తున్నాడు.

ఏప్రిల్ 12, శనివారం

ఫంక్షన్. తెర తీయగానే వంశీకుల సంఘం వాళ్ళంతా ముక్కున వేలేసుకున్నారు. కొందరు వేలితో పాటు తమ ముక్కు కొలతా చూసుకున్నట్టనిపించింది. మామగారు మొదటి వరసలోంచి లేచి, ఎవరూ అడగకుండానే చెప్పారు. మా ముక్కుని మంత్రిగారు చాలా కాలం వాడుకున్నారు, గీత కూడా పడకుండా తిరిగిచ్చారు, అందుకు కృతజ్ఞతలు అని. నేను స్తంభం వెనక దాక్కున్నాను. చిట్టి మాత్రం చప్పట్లు కొట్టింది.

సంఘం సెక్రటరీ మర్యాదగానే సభ్యత్వం రద్దు చేశాడు. మామగారు అంతకంటే మర్యాదగా ఒప్పుకున్నారు. దారిలో బస్సు దిగి కొత్త చార్టు కాగితం కొన్నారు. ఇంటికొచ్చి పైన ఒక గడి గీసి, ‘అద్దంలో చూసుకున్నవాడు’ అని రాశారు. కింద గళ్ళన్నీ ఖాళీ. ఆదివారం నుంచి వెతుకుతారట. నన్నూ రమ్మన్నారు. సరే అన్నాను.

ఏప్రిల్ 16

స్కూలు గుర్తింపు కార్డుకు ఫోటో తీస్తుంటే, ముక్కు పూర్తిగా పడాలని చిట్టి పక్కకు తిరిగి కూర్చుందట. ఎంత చెప్పినా వినలేదట. టీచరు రేపు నన్ను రమ్మంది. వెళ్తాను. ఎదురుగా తిరగమని మాత్రం చెప్పను.