తణుకులో చెప్పిన సాక్ష్యం

జనక్‌పురి,
ఆగస్టు 3

ప్రియమైన నాన్నకు,

ఫోన్‌లో అయితే ఏడుస్తాను. అందుకే రాస్తున్నాను. అమ్మ గుండె వాల్వ్ ఆపరేషన్‌కు బీమా కంపెనీ డబ్బు ఇవ్వనంది. మూడేళ్ల కిందట పాలసీ తీసుకున్నప్పుడు అమ్మ పాత గుండెజబ్బు దాచిందట. రుజువు మీరే. అంతకు రెండేళ్ల ముందు చర్చిలో మీరు చెప్పిన సాక్ష్యం యూట్యూబ్‌లో ఉంది: "నా భార్య సరళకుమారి గుండెజబ్బును ప్రభువు తీసేశాడు." కంపెనీ ఆఫీసులో ఒకాయన అది నాకు చూపించి, "ఇక దేవుడి మీద కేసు వేసుకోండి మేడమ్" అన్నాడు.

అప్పుడు అమ్మకు నిజంగా గుండెజబ్బేనా? అమ్మనడిగితే గోడవైపు తిరిగి, "మీ నాన్ననే అడుగు" అంది.

లాయర్ కస్తూరి ఆంటీ వినియోగదారుల కమిషన్‌లో కేసు వేశారు. విచారణ ఇరవై రెండున. "అది గుండెజబ్బు కాకపోతే మీ నాన్న అఫిడవిట్ ఇవ్వాలి బేటా" అన్నారు.

మీ ఫెయిత్

తణుకు,
ఆగస్టు 8

బంగారుతల్లి ఫెయిత్‌కు దీవెనలు.

రోజూ ఉపవాస ప్రార్థన చేస్తున్నాం. ఆ సాక్ష్యం విని కనకయ్య కుటుంబమంతా బాప్తిస్మం తీసుకుంది. నేనిప్పుడు సంఘ పెద్దని. మైకులో చెప్పిన మాటను స్టాంపు పేపరు మీద ఎలా కొట్టేయను? వేరే దారి ఉందేమో ఆంటీని అడుగు.

నాన్న, జాన్‌బాబు

జనక్‌పురి,
ఆగస్టు 12

నాన్నా,

నేనడిగినదానికి మీరు జవాబు రాయలేదు. అమ్మ పడుకోలేకపోతోంది, కూర్చునే నిద్రపోతోంది. ముప్పై ఏళ్లు ఇక్కడ నర్సుగా చేసిన మనిషి. తన నాడి తనే పట్టి చూసుకుంటుంది, నేను చూస్తే చెయ్యి తీసేస్తుంది. వేరే దారి లేదు.

మీకు ఎప్పుడూ ఎదురు చెప్పలేదు. కనకయ్యగారి బాప్తిస్మం కోసం మా అమ్మను బలి ఇవ్వను.

ఫెయిత్

తణుకు,
ఆగస్టు 17, ఆదివారం

అమ్మా ఫెయిత్,

ఐదేళ్ల కిందట సెలవుకు ఇక్కడికొచ్చినప్పుడు మీ అమ్మకు వచ్చింది గ్యాస్ నొప్పి. డాక్టరు ఈసీజీ తీసి, గుండెకు ఏమీ లేదని రాసిచ్చాడు. ఆ వారం అందరూ పెద్దపెద్ద స్వస్థతలు చెబుతున్నారు. మైకు చేతికి రాగానే గుండెజబ్బు అనేశాను.

ఈ ఉదయం అదే మైకులో, అది అబద్ధమని చెప్పాను. ఎవరూ ఆమెన్ అనలేదు. పెద్దరికం వదిలేశాను. బయట చెప్పుల దగ్గర కనకయ్య ఒక్కడే ఆగాడు. "కాగితాలు పోస్టులో వెయ్యకండి, నేను పట్టుకెళ్తాను" అన్నాడు. నిన్న చేయించిన అఫిడవిట్, ఆనాటి ఈసీజీ, ఈ ఉత్తరం అతనే తెస్తున్నాడు.

ఇంకొకటి. సాక్ష్యం చెప్పిన రోజు ఆటోలో మీ అమ్మ, "గ్యాసే కదండీ" అంది. "నోర్ముయ్" అన్నాను. ఐదేళ్లు మూసుకునే ఉంది, మొన్న నువ్వడిగినప్పుడు కూడా.

ఇక మాట్లాడవచ్చని చెప్పు.

నాన్న