గట్టుకు అవతలి వైపు

పోంట్రెసీనా, ఆగస్టు

ప్రియమైన కుర్దిన్‌కు,

ఆదివారం బెర్నీనా శిఖరం ఎక్కి వచ్చాను. నీతో కాదు, అందుకే ఈ ఉత్తరం. కొత్త తోడు పేరు సెరైనా, మా బడి పంతులమ్మ, ముప్పై నిండని మనిషి. మంచుగట్టు మొదట్లో తాడు కట్టుకుంటుంటే నవ్వింది: "ఆంద్రి గారూ, ఇంత తాడు వదిలారేంటి? మధ్యలో ఇంకెవరైనా వస్తున్నారా?" నీ అంగలకు సరిపడే కొలత అది, నా చేతులు మరిచిపోలేదు.

గట్టు కత్తి అంచులా సన్నబడ్డాక మళ్ళీ అంది: "నేను ఎడమకి పడితే మీరు కుడికి దూకాలి. అప్పుడే తాడు గట్టు మీద ఆని ఆగుతుంది, ఇద్దరం బతుకుతాం. దూకుతారా, లేక మరిచిపోకుండా ముందు చీటీ రాసుకుంటారా?"

ఆరేళ్ల కిందట అక్కడే నువ్వు ఎడమకు ఒరగడం చూసి నేను కుడికి దూకాను. ఇద్దరం బతికాం. ఆ సాయంత్రం కొండ బసలో బార్లీ సూపు మౌనంగా తాగి లేచావు. మరెన్నడూ నాతో తాడు కట్టలేదు. దూకడంలో నేను ఆలస్యం చేశానని, అది నువ్వు గమనించావని నమ్ముతూ వచ్చాను. కొండలెక్కడం పుస్తకాలు చూసి నేర్చుకున్నవాణ్ణి; నీ మౌనానికి అర్థం ఏ పుస్తకంలోనూ దొరకలేదు.

శిఖరం దగ్గరపడుతుండగా సెరైనా కాలు జారింది. నేను దూకలేదు. మంచుగొడ్డలి లోతుగా దించి, ఆమెనే చూస్తూ నిలబడ్డాను. ఆమె మోకాళ్ల మీద నిలదొక్కుకుని లేచింది. శిఖరం మీద ఆమె నా చేయి పట్టుకుని ఊపుతుంటే, నా గురించి నువ్వు అనుకున్నది నిజమేననిపించింది. ఇక ఎవరితోనూ ఎక్కను. మన తాడు నీకే పంపుతున్నాను.

నీ
ఆంద్రి

*

ఒరేయ్ ఆంద్రీ,

తాడు అందింది. ఆలస్యమా, పిచ్చివాడా? ఆ రోజు నేను పడనేలేదు. బూటు ముళ్ల పట్టీ ఊడితే మోకాలు మోపాను, అంతే. తలెత్తేసరికి నువ్వు లేవు. అవతలి వాలులో వేలాడుతున్నావు. అక్కణ్ణుంచి నీకేం కనబడుతుంది? నా గొడ్డలి పట్టు తప్పుంటే ఇద్దరం పోయేవాళ్లం. ఇంట్లో మీ ఆవిడ లదీనాకు అప్పటికి నెలలు నిండాయి. నా కోసం ప్రాణాన్ని అంత తేలిగ్గా విసిరేసేవాడితో మళ్ళీ ఎలా కట్టుకోను? ఆ మాట చెబితే నువ్వు కుంగిపోతావని నోరు మూసుకున్నాను.

ఆదివారం రోప్‌వే స్టేషన్‌లో దుర్భిణీ పట్టుకుని నిన్నే చూస్తున్నాను. ప్రతి వేసవీ చూస్తూనే ఉన్నాను. ఆ అమ్మాయి జారినప్పుడు నువ్వు ఆగావు. నేనిన్నాళ్లూ ఎదురుచూసింది ఆ ఆగడం కోసమేరా.

తాడు నేనే తెస్తాను. మధ్యలో ఎవరొస్తున్నారని అడిగిందిగా, నేనొస్తున్నానని చెప్పు. కొలత మాత్రం తగ్గించకు.

కుర్దిన్